బార్లీ దిగుబడుల చిత్రణ – లాటిస్ ప్యాకేజీ

ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోని లాటిస్ ప్యాకేజీతో పాటు ఒక బార్లీ ప్రయోగ దత్తాంశం కూడా లభిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 6 కేంద్రాలలో 10 రకాలను 1931, 1932 సంవత్సరాలలో సాగుచేయగా నమోదైన 120 దిగుబడులు ఇందులో ఉన్నాయి. పట్టికలో సులభంగా కానరాని విశేషాన్ని విలియం క్లీవ్‌లాండ్ 1993లో ప్రచురించిన గ్రంథంలో చుక్కల పటం ద్వారా ఎత్తిచూపారు. ఐదు కేంద్రాలలో సగటు దిగుబడి 1931లో అధికం కాగా, మోరిస్ కేంద్రంలో మాత్రం 1932లో అధికం. అక్కడి సంవత్సరాలు తారుమారై ఉండవచ్చునని ఆయన భావించారు. అయితే 2013లో కెవిన్ రైట్ ఇతర సంవత్సరాల దిగుబడులను, వాతావరణ వివరాలను పరిశీలించి, అది సహజ వైవిధ్యమే కావచ్చునని వాదించారు. పటం అనుమానాన్ని మాత్రమే కలిగించింది. దిద్దుబాటుకు క్షేత్ర రికార్డుల ఆధారం అవసరం.

ఈ పటానికి డాట్‌ప్లాట్ ప్రమేయం ఒక్కటే చాలును. సూత్రంలో టిల్డా గుర్తుకు ఎడమవైపు రకాన్ని, కుడివైపు దిగుబడిని, నిలువు గీత తరువాత కేంద్రాన్ని వ్రాసి, గ్రూప్స్ వద్ద సంవత్సరాన్ని ఇవ్వవలెను. కేంద్రాన్ని విడిచిపెట్టినచో చుక్కలన్నీ ఒకే గడిలో కలిసిపోయి మోరిస్ విశేషం మరుగున పడుతుంది. బహుళ కేంద్ర ప్రయోగాలను సగటు కడ్డీలతో మాత్రమే చూపే నివేదికలలో జరిగే నష్టం సరిగ్గా ఇదే. సొంత దత్తాంశంలో రకాల పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో అమరుతాయి. రీఆర్డర్ ప్రమేయంతో వాటిని మధ్యగత దిగుబడి క్రమంలోకి మార్చుకొనవచ్చును.