రెజ్యూమె చూడముచ్చటగా ఉండాలంటే... ముందు పేరు సరిచూసుకోవాలి

ఆర్మూర్‌లో ఏ ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి "భాయ్, ఒక రెజ్యూమె చేసియ్యి" అని అడిగినా పది నిమిషాల్లో కాగితం చేతికొస్తుంది. ఎడమ పక్కన నీలం పట్టీ, మూలన గుండ్రటి ఫొటో, ఇంగ్లిష్‌కు నాలుగు స్టార్లు, కంప్యూటర్‌కు మూడు స్టార్లు ఉంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. అయితే ఆ కాగితాన్ని చదివేవారికి నాలుగు స్టార్లంటే ఎంత ఇంగ్లిష్ వచ్చినట్టో అర్థం కాదు. ఎవరు, ఏ పని వచ్చు, ఎన్నేళ్లు చేశారు అన్న మూడు సంగతులు వెంటనే కనబడితేనే రెజ్యూమె అందంగా ఉన్నట్టు లెక్క.

పేరు ఒక్కటే ఉండాలి

రెజ్యూమెలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది పేరు. మన ఇళ్లలో చిక్కు కూడా అక్కడే వస్తుంది. టెన్త్ మెమోలో 'ఎండీ', ఆధార్‌లో 'మహ్మద్', పాస్‌పోర్టులో 'మొహమ్మద్' అని ఉంటుంది. అమ్మాయిల పేర్లలో ఒక కాగితంలో 'బేగం' ఉంటే ఇంకో కాగితంలో 'సుల్తానా' ఉంటుంది. ఇంట్లోవాళ్లకు అందరూ ఒక్కరే అయినా, సర్టిఫికెట్లు సరిచూసే కంపెనీకి ఇవి వేర్వేరు పేర్లు.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులతో ఇంకో ఇబ్బంది ఉంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి విజిట్ వీసాపై ప్రవేశం లేదని 2022 నవంబర్‌లో యూఏఈ ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరు లేదా ఇంటిపేరు ఉంటే చాలని కొద్ది రోజులకే సడలింపు ఇచ్చింది. కాబట్టి విదేశం పోవాలనుకునేవారు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌నే రెజ్యూమెలో, ఈమెయిల్‌లో, ఫైలు పేరులో వాడాలి. తేడాలుంటే ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక కాదు, ఇప్పుడే సరిచేయించుకోవాలి.

'ఫ్రెషర్' అని రాసే ముందు

డిగ్రీ అయిన పిల్లలు చాలామంది అనుభవం దగ్గర 'ఫ్రెషర్' అని రాసి ఊరుకుంటారు. అదే పిల్లలు పసుపు సీజన్‌లో అడ్తి దుకాణంలో కూర్చొని బస్తాల లెక్క రాసి ఉంటారు. కొమ్ము, మండ వేరుచేసి తూకం పట్టీలు చూసి ఉంటారు. రైతులకు ఇవ్వాల్సిన డబ్బు లెక్కగట్టి ఉంటారు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ఈ-నామ్ ద్వారా ఆన్‌లైన్‌లో అమ్ముడవుతోంది. ఆ వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడం వచ్చినవారికి అదీ ఒక పనితనమే. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025 జూన్ 29న నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. ఇలాంటి జిల్లాలో పసుపు పని తెలుసని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

రాసే తీరు మాత్రం సూటిగా ఉండాలి. 'కష్టపడే స్వభావం' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'రెండు సీజన్లు, రోజుకు ఇన్ని బస్తాల తూకం, ఎక్సెల్‌లో లెక్కలు' అంటే పని కళ్లముందు కనబడుతుంది. చేయని పని రాయకూడదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. టైలరింగ్, మెహందీ, ట్యూషన్లు చేసిన అమ్మాయిలు కూడా ఎంతమందికి, ఎన్ని నెలలు అన్నది రాయవచ్చు.

హైదరాబాద్‌కు ఒకటి, గల్ఫ్‌కు ఒకటి

హైదరాబాద్ కంపెనీకి పంపే రెజ్యూమెలో మతం, తండ్రి పేరు, పెళ్లి వివరాలు అక్కర్లేదు. అవి పెళ్లి సంబంధాల బయోడేటాకు సరిపోతాయి. ఫొటో కూడా అడిగితేనే పెట్టాలి. పెద్ద కంపెనీల్లో రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు వరుసలు, పెట్టెలు, బొమ్మలు ఉంటే అది తికమకపడే అవకాశం ఉంది.

గల్ఫ్ ఉద్యోగాలకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటో, జాతీయత, డ్రైవింగ్ లైసెన్స్ రకం, పాస్‌పోర్టు గడువు, ఈసీఆర్ లేదా ఈసీఎన్ఆర్ అన్నది రాస్తే మేలు. టెన్త్ పాసైనవారు ఈసీఎన్ఆర్ కిందికి వస్తారు. పాస్‌పోర్టు నంబర్‌ను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే రెజ్యూమెలో పెట్టొద్దు. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకున్నాకే ఇవ్వాలి. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అనుమానించాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ ఉద్యోగాలకు పేరు నమోదు చేసుకోవచ్చు.

కాగితం మీద కొలతలు

కొత్తగా ఉద్యోగం వెతికేవారికి ఒక్క ఏ4 పేజీ చాలు. పేరు 18 సైజులో, శీర్షికలు 13లో, మిగతాది 11లో ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. ఒకే ఫాంట్, నలుపుతో పాటు ఒక్క రంగు వాడాలి. చుట్టూ రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. పేరు, ఫోన్ నంబర్ కింద ఏ ఉద్యోగం కావాలో ఒక్క వాక్యం రాయాలి. ఆ తర్వాత అనుభవం, వచ్చిన పనులు, చదువు, భాషలు రావాలి. ఉర్దూ, తెలుగు, హిందీ మాట్లాడగలగడం కస్టమర్లతో పనిచేసే ఉద్యోగాల్లో చిన్న విషయమేం కాదు, తప్పకుండా రాయాలి. చివరికి పీడీఎఫ్‌గా దాచి, ఫైలుకు సొంత పేరు, ఉద్యోగం పేరు పెట్టాలి.

పంపే ముందు రెండు పరీక్షలు చేయాలి. మొదటిది, రెజ్యూమెను నలుపు తెలుపులో జిరాక్స్ తీసి చూడాలి. లేత రంగు అక్షరాలు మాయమైతే రంగు మార్చాలి. రెండోది, ఫోన్‌లో తెరిచి ఇంట్లో తమ్ముడికో చెల్లెకో పది సెకన్లు చూపించి తీసేయాలి. ఏ పని వచ్చని రాశారో వాళ్లు చెప్పగలిగితే పంపేయొచ్చు. "నీలం పట్టీ బాగుంది" అంటే మాత్రం మళ్లీ కూర్చొని రాయాల్సిందే.