సైకిల్ తొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? బార్ ఎండ్స్ కొనేముందు ఈ 5 విషయాలు చూసుకోండి

మౌంటెన్ బైక్ మీద గంట దాటి తొక్కితే చాలామందికి ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి. దీనికి ఎక్కువమంది వెతికే పరిష్కారం బార్ ఎండ్స్. అంటే హ్యాండిల్ రెండు చివర్లా బిగించే కొమ్ముల్లాంటి పట్టులు. కానీ బరువు తక్కువగా ఉన్నాయని మాత్రమే చూసి కొంటే డబ్బులు వృథా. సరిపడనివి బిగిస్తే హ్యాండిల్‌కే ప్రమాదం.

తిమ్మిరి ఎందుకు వస్తుంది?

అరచేతి అంచు మీదుగా వెళ్లే అల్నర్ నరం ఆ రెండు వేళ్లకు స్పర్శనిస్తుంది. ఫ్లాట్ హ్యాండిల్‌పై చేతిని ఒకే చోట ఆనిస్తే ఆ నరం నలుగుతుంది. దీన్నే సైక్లిస్ట్స్ పాల్సీ అంటారు. బార్ ఎండ్స్ ఉంటే షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టు మార్చుకోవచ్చు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ లాంటి చదును దారిలో, అనంతగిరి లాంటి ఎత్తుల్లో ఇవి బాగా పనికొస్తాయి.

కొనేముందు ఏం చూడాలి?

1. బరువు: అల్యూమినియంవి జత సాధారణంగా 100 నుంచి 150 గ్రాములు ఉంటాయి. కార్బన్‌వి ఇంకా తేలిక, ధర మాత్రం ఎక్కువ. 50 గ్రాముల తేడా అంటే బాటిల్‌లో రెండు గుక్కల నీళ్లంతే. అందుకే ముందు సౌకర్యం, తర్వాతే గ్రాములు.

2. ఆకారం: సన్నటి గొట్టం లాంటివి తేలికే కానీ అరచేతిలో గుచ్చుకుంటాయి. వెడల్పుగా, కొంచెం లోపలికి వంగి, రబ్బరు పట్టు ఉన్నవి హాయిగా ఉంటాయి. గ్రిప్, బార్ ఎండ్ కలిసే వచ్చే ఎర్గాన్ జీపీ2, జీపీ3 లాంటి మోడళ్లూ ఉన్నాయి.

3. హ్యాండిల్ రకం: ఇదే అసలు పాయింట్. కార్బన్ హ్యాండిల్స్, పల్చటి అల్యూమినియం హ్యాండిల్స్ కొన్ని ఈ బిగింపు ఒత్తిడికి చితికిపోతాయి. బార్ ఎండ్స్ పెట్టొచ్చని హ్యాండిల్ కంపెనీ చెబితేనే పెట్టాలి.

4. బిగింపు: ఫ్లాట్ హ్యాండిల్ చివరి మందం సాధారణంగా 22.2 మిల్లీమీటర్లు. క్లాంప్ కొలత దానికి సరిపోవాలి. గ్రిప్, బ్రేక్ లివర్ కాస్త లోపలికి జరపాల్సి ఉంటుంది. బోల్టును కంపెనీ రాసిన టార్క్ వరకే, వీలైతే టార్క్ రెంచ్‌తో బిగించాలి. వదులుగా ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు గిర్రున తిరిగి చేయి జారుతుంది.

5. కోణం, మూతలు: నేలకు సమాంతరం నుంచి 10-15 డిగ్రీలు పైకి ఉంచి మొదలుపెట్టి, మణికట్టు వంగకుండా ఉండేలా సర్దుకోవాలి. చివర్లకు మూతలు తప్పనిసరి. కిందపడితే తెరిచి ఉన్న గొట్టం అంచు ఒంట్లో దిగుతుంది.

ఇక్కడ మాత్రం వాడొద్దు

బార్ ఎండ్స్ పట్టుకున్నప్పుడు వేళ్లకు బ్రేక్ అందదు. దిగుడులో, ట్రాఫిక్‌లో, గుంపుగా వెళ్లేటప్పుడు చేతులు మామూలు గ్రిప్‌పైనే ఉండాలి. పొదల మధ్య ఇరుకు దారుల్లో ఇవి కొమ్మలకు తగులుకుంటాయి కూడా. బ్రేక్ అందాలనుకునేవాళ్లకు గ్రిప్ లోపలి వైపు బిగించే ఇన్నర్ బార్ ఎండ్స్ దొరుకుతున్నాయి.

కొత్త పార్ట్ కొనేకంటే ముందు సీటు చూసుకోండి. సీటు ముక్కు కిందికి వాలినా, హ్యాండిల్ మరీ దూరంగా ఉన్నా ఒంటి బరువంతా చేతులపైనే పడుతుంది. అది సరిచేయకుండా ఎంత ఖరీదైన బార్ ఎండ్స్ పెట్టినా తిమ్మిరి పోదు. సైకిల్ దిగాక కూడా తిమ్మిరి తగ్గకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా సైకిల్ పక్కనపెట్టి డాక్టర్‌ను కలవాల్సిందే.