బొమ్మకారుకు తగిన తీగ

రేడియో తరంగములు మాటను, పాటను మోసికొని వచ్చునని ఇంట రేడియో గల వారందరు ఎరుగుదురు. అవే తరంగములు ఆజ్ఞను కూడ మోయగలవు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను తీగ ఏదియు లేకుండ దూరము నుండి నడిపి చూపెను. నేడు పిల్లలు ఆడుకొను రేడియో బొమ్మకారు ఆ పడవ సంతతిలోనిదే.

కారునకును, చేతిలోని పెట్టెకును నడుమ తీగ లేదు గాని, కారు కడుపులో తీగలు తప్పవు. బ్యాటరీ నుండి సర్క్యూటు పలకకు రెండు, పలక నుండి మోటారునకు రెండు, ముందు చక్రములను త్రిప్పు యంత్రమునకు కొన్ని, ఏరియల్ ఒకటి. బ్యాటరీ తీగగాని మోటారు తీగగాని తెగినచో కారు కదలదు. మోటారు చెడినదని తలచి మూల పడవేసిన బొమ్మలలో బెత్తెడు తీగతో బాగుపడదగినవి ఎన్నియో ఉండును. ఆ బెత్తెడు తీగ ఎట్టిది కావలెనో ఇచట వివరింతుము.

ముందుగా తీగ ఏల తెగునో తెలియవలెను. కరెంటు ఎక్కువై కాలిపోవునని పలువురు తలంతురు. చిన్న కారులో అది అరుదు. వంగి వంగి తెగుటయే సామాన్యము. కాలింగ్ బెల్లునకు వాడు ఒంటిపోగు తీగను అటు నిటు కొన్నిమార్లు వంచినచో పుటుక్కున విరుగును. అంతే రాగిని వెంట్రుకలవలె సన్నని పోగులుగా తీసి పెనవేసినచో ఎంతో కాలము నిలుచును. వంపులో పోగు వెలుపలి అంచు సాగును. పోగు సన్నమైనకొలది ఆ సాగుడు తక్కువ. కావున బొమ్మకారునకు పలుపోగుల తీగయే తగినది.

ఇక లావు మాట. మన బజారులో తీగను ‘14/36’ అని అడుగుట వాడుక. అనగా 36వ గేజి పోగులు 14 అని అర్థము. విదేశీ బొమ్మల తీగలకు అమెరికన్ గేజి సంఖ్య ఉండును. ఈ రెండు గేజిలలోను సంఖ్య పెరిగినకొలది తీగ సన్నబడునని మరువరాదు. అమెరికన్ గేజిలో 28వ సంఖ్య తీగ అడ్డుకోత వైశాల్యము 0.08 చదరపు మిల్లీమీటరు. 22వ సంఖ్య తీగది 0.33. మన 14/36 తీగది సుమారు 0.4.

ఈ భేదము వలన కలుగు ఫలితమును ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రముతో లెక్కింపవచ్చును. బ్యాటరీ 4.8 వోల్టులదనియు, కారు గోడకు తగిలి నిలిచినపుడు మోటారు 3 ఆంపియర్లు లాగుననియు, రాకపోకల తీగ మొత్తము 30 సెంటీమీటర్లనియు అనుకొందము. 28వ సంఖ్య తీగలో సుమారు 0.2 వోల్టు నష్టమగును. 22వ సంఖ్య తీగలో 0.05 వోల్టు మాత్రమే. కావున బ్యాటరీకి, మోటారునకు లావు తీగ. దీపములకు సన్నని తీగ చాలును. అట్లని మరీ లావు తీగయు మంచిది కాదు. అది బిరుసుగా నుండి సర్క్యూటు పలకపై రాగిపొరను పెకలించును. పాత తీగ లావునకు సమానముగనో, ఒక మెట్టు పైగనో ఉన్న చాలును.

తీగ తొడుగులలో పి.వి.సి. చవుక; కాని సోల్డరింగు వేడికి ముడుచుకొనును. సిలికోన్ రబ్బరు సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి ఓర్చును, మిక్కిలి మెత్తన. అయితే పదునైన అంచు తగిలిన చిరుగును. సోల్డరు పోగులలోనికి ప్రాకినంత మేర తీగ గట్టిపడి, ఆ గట్టి మేర ముగియు చోటనే తెగును. కనుక సోల్డరు కొలదిగా వాడి, అతుకు వద్ద కదలకుండ కొంచెము జిగురుతో ఆనించి, తీగను కాస్త వదులుగా ఉంచవలెను.

ఏరియల్ విషయమున పొడవే ముఖ్యము. 27 మెగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 11 మీటర్లు, 2.4 గిగాహెర్ట్జులదైన 12.5 సెంటీమీటర్లు. ఈ రెండవ రకములో ఏరియల్ కొన తరచుగా తరంగములో నాలుగవ వంతు, అనగా సుమారు 3 సెంటీమీటర్లు. అందులో ఒక సెంటీమీటరు తగ్గినను కారు దూరము నుండి ఆజ్ఞను అందుకొనలేదు. పాతదానిని కొలిచి, సరిగా అంతే పొడవున క్రొత్తది వేయవలెను.

చివరగా ఒక హెచ్చరిక. లిథియం బ్యాటరీ తీగలు రెండింటిని ఒకేమారు కత్తిరింపరాదు. కత్తెర రేకు గుండ కరెంటు అడ్డదారిన ప్రవహించి నిప్పు పుట్టవచ్చును. ఒక తీగను కత్తిరించి, అతికి, తొడుగు వేసిన పిదపనే రెండవదానిని ముట్టవలెను. ఉబ్బిన బ్యాటరీని బాగుచేయ యత్నింపక విడిచిపెట్టవలెను. పిల్లలు ఈ పనిని పెద్దల ఎదుటనే చేయవలెను.

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల ఇట్టి తీగ దొరకును. అంగడికి పోవునపుడు తెగిన పాత ముక్కను వెంట తీసికొని పొండు. పోగులు విప్పి, రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో, గేజి సంఖ్య తెలియకున్నను తగిన తీగను ఎన్నుకొనవచ్చును.