ముందు ట్యాంకు, చివరికే పంపు

గుంటూరు బ్రాడీపేట నుంచి ప్రత్తిపాడు వైపు వెళ్లినా, మేడికొండూరు వైపు వెళ్లినా పత్తి, మిరప చేలల్లో చిన్న ట్రాక్టర్లు తరచుగా కనిపిస్తాయి. 15 హార్స్‌పవర్, ఒకే సిలిండరు ఉన్న మహీంద్రా యువరాజ్ 215, మూడు సిలిండర్లతో 18.5 హార్స్‌పవర్ ఇచ్చే వీఎస్‌టీ శక్తి ఎంటీ 180డి లాంటి బళ్లు సాళ్ల మధ్య దూరి అంతరకృషి చేస్తాయి, మందు కొట్టే పంపును తిప్పుతాయి, కోతలయ్యాక మిరప టిక్కీలు (బస్తాలు) మోస్తాయి. కొత్త బండి కొనే స్తోమత లేని రైతు, అందులోనూ కౌలు రైతు, సెకండ్ హ్యాండ్ బండి చూసుకుంటాడు. అది మొదటి సీజన్లోనే మొరాయిస్తే ఎక్కువగా వినిపించే మాట ఒకటే: ‘డీజిల్ పంపు పోయింది’. ఆ మాట నిజమైతే వేలల్లో ఖర్చు. కానీ చాలాసార్లు దోషం పంపుది కాదు, పంపుకు డీజిల్ తెచ్చే దారిది. అందుకే వెతుకులాట ట్యాంకు దగ్గర మొదలై, సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ వైపు సాగాలి. పంపు విప్పడం చివరి పని కావాలి.

ఇది పొదుపు కోసం చెప్పే మాట మాత్రమే కాదు. ఇంజిన్ పనిచేసే తీరే ఈ వరసను కోరుతుంది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకు డీజిల్ సన్నని తుంపరగా, సరైన క్షణంలో పడాలి. ట్యాంకు, గొట్టాలు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఫిల్టర్ల వరకూ ఒత్తిడి తక్కువే. అందరూ డీజిల్ పంపు అనే ఇంజెక్షన్ పంపు దాటాక పరిస్థితి వేరు. నాజిల్ తెరుచుకోవడానికే చాలా బళ్లలో దాదాపు 200 బార్ల ఒత్తిడి కావాలి. అది ట్రాక్టర్ టైరులోని గాలి ఒత్తిడికి సుమారు వంద రెట్లు. అంత ఒత్తిడి నిలవాలి కాబట్టి పంపులోని ప్లంజరుకు, అది కదిలే బ్యారెల్‌కు మధ్య సందు కొన్ని మైక్రాన్లే ఉంటుంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఆ సందు ఎంత సన్ననిదో ఊహించవచ్చు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ఇలాంటి పంపుల తయారీ మొదలుపెట్టింది. అప్పటినుంచీ ఈ రకం పంపుల మూలసూత్రం మారలేదు. వీటిలో ప్లంజరుకు కందెన కూడా డీజిలే. శుభ్రమైన డీజిల్ అందినంత కాలం పంపు వేల గంటలు పనిచేస్తుంది. నీరు కలిస్తే కందెన పోతుంది, దుమ్ము చేరితే గీతలు పడతాయి. ట్యాంకు వైపు ఉన్న నీటినీ దుమ్మునూ అలాగే వదిలేసి కొత్త పంపు బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. సాగర్ కుడి కాలువ చివరి భూములకు నీళ్లు అందకపోతే తూము దగ్గర్నుంచి చూసుకుంటూ వస్తాం తప్ప ముందుగా పొలంలో బోదె తవ్వం. ఇక్కడా అంతే.

ట్యాంకు దాకా వెళ్లకముందే ఒక్క చూపు చూడాల్సింది ఇంజిన్ ఆపే స్టాప్ కేబుల్. అది పూర్తిగా వెనక్కి రాకుండా ఇరుక్కుపోతే డీజిల్ అందదు, బండి ఎంత తిప్పినా అంటుకోదు. తర్వాత ట్యాంకు మూత. డీజిల్ తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరడానికి చాలా బళ్లకు మూతలోనే సన్నని రంధ్రం ఉంటుంది. నల్లరేగడి దుమ్ము, డీజిల్ తడి కలిసి దాన్ని పూడ్చేస్తాయి. అప్పుడు బండి కాసేపు బాగానే నడిచి, నెమ్మదిగా బలం తగ్గి ఆగిపోతుంది. కొంతసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది. మూత కొద్దిగా వదులు చేసి నడిపినప్పుడు ఆగకపోతే రోగం దొరికినట్టే. ఆ తర్వాత ఫిల్టర్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి ఒక గాజు సీసాలోకి డీజిల్ పట్టి, అరగంట కదపకుండా ఉంచాలి. నీరు డీజిల్ కంటే బరువు. ఉంటే అడుగున విడిగా తేటగా నిలుస్తుంది, దాని మీద మడ్డి గీతలా పేరుకుంటుంది. పని లేని నెలల్లో సగం ఖాళీ ట్యాంకుతో నిలిపిన బండిలో, వానాకాలపు తేమ గాలి ట్యాంకు గోడలకు చెమ్మగా పట్టి కిందికి దిగుతుంది. మూత సరిగా లేని ప్లాస్టిక్ క్యాన్లలో బంకు నుంచి తెచ్చి పోసే డీజిల్‌తో దుమ్మూ వస్తుంది. సీసాలో నీరు కనిపిస్తే ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు రెండుంటే రెండూ మార్చాలి. ఒకటి మార్చి రెండోది వదిలేయడం సగం వైద్యం.

తర్వాతి అనుమానితుడు గాలి. డీజిల్‌ను నొక్కితే దాదాపు కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పంపులో గాలి బుడగ ఉంటే ఒత్తిడి దాని మీదే ఖర్చయిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. గొట్టం నుంచి చుక్క కూడా కారడం లేదు కాబట్టి గాలి పట్టడం లేదని చాలామంది ధీమాగా ఉంటారు. అది పొరపాటు. ఫీడ్ పంపు డీజిల్‌ను లాగే వైపున గొట్టం చిట్లితే డీజిల్ బయటికి రాకపోయినా గాలి లోపలికి పోతుంది. పాతబడి పగిలిన రబ్బరు గొట్టం, రెండోసారి వాడిన రాగి వాషరు, సరిగా బిగియని క్లిప్పు ఇందుకు చాలు. వాటిని సరిచేశాక ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా ఫీడ్ పంపు చేతి మీటతో కొట్టాలి. తర్వాత పంపు దగ్గర, చివరగా నాజిల్ గొట్టాల నట్ల దగ్గర గాలి తీయాలి. ఈ చివరి మెట్టులో చెయ్యి దూరంగా ఉండాలి. ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సైలెన్సరు పొగ కూడా మంచి సాక్షి. స్టార్టరు తిరుగుతున్నా పొగే రాకపోతే డీజిల్ సిలిండరుకు చేరడం లేదు. తెల్ల పొగ వస్తే చేరుతోంది కానీ కాలడం లేదు. అప్పుడు నాజిల్, టైమింగ్, కంప్రెషన్ చూడాలి. నల్ల పొగ వస్తే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదు. మన దుమ్ము చేలల్లో ఎయిర్ క్లీనరు పూడుకుపోవడమే దానికి కారణం కావచ్చు. నీలి పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతోందని చెబుతుంది, దానికి డీజిల్ పంపుతో సంబంధం లేదు.

ఈ వరసకు వచ్చే మొదటి అభ్యంతరం సమయం. వాన పడ్డాక నేల పదును రెండు మూడు రోజులే ఉంటుంది, పురుగు మందు అదను అంతకన్నా తక్కువ, ఇంత వరసగా చూసే తీరిక ఎక్కడ అంటారు. నిజానికి తొందరలో ఉన్నవాడికే ఈ వరస ఎక్కువ అవసరం. మూత, సీసా, ఫిల్టరు, గాలి చూడటానికి ఒక పూట చాలు. పంపు విప్పి, పట్నానికి పంపి, బెంచీ మీద కాలిబ్రేషన్ చేయించి తెచ్చి బిగించేసరికి రోజులు పోతాయి. రెండో అభ్యంతరం, అనుభవం ఉన్న మెకానిక్ ఇంజిన్ శబ్దం వింటేనే చెప్పేస్తాడన్నది. ఆ అనుభవాన్ని గౌరవించాల్సిందే. అయితే పూడిన ఫిల్టరు, మూసుకుపోయిన మూత, అరిగిన పంపు మూడూ చూపించే లక్షణం ఒకటే: లోడు పడగానే బండి గుంజలేకపోవడం. చెవికి ఒకేలా వినిపించే మూడింటిలో అసలు కారణాన్ని తేల్చేది పరీక్షే. మంచి మెకానిక్కులు ఆ పరీక్ష చేశాకే చెబుతారు.

మూడో అభ్యంతరం బలమైనది. పాత బండిలో పంపు నిజంగానే అరిగి ఉండవచ్చు కదా? ఉండవచ్చు. దానికీ ఆనవాళ్లు ఉన్నాయి. పొద్దున్నే చక్కగా స్టార్టయిన బండి బాగా వేడెక్కాక ఆపితే మళ్లీ అంటుకోకపోవడం వాటిలో ముఖ్యమైనది. వేడికి పలచబడిన డీజిల్ అరిగిన ప్లంజరు పక్కనుంచి జారిపోతుంది. ఇంజిన్ ఆయిల్ మట్టం పోయకుండానే పెరిగి డీజిల్ వాసన వేస్తే ఫీడ్ పంపు లేదా పంపు సీళ్లు చూడాలి. పంపు స్క్రూల మీద కంపెనీ సీలు తెగి ఉంటే ఎవరో డీజిల్ మోతాదు మార్చి ఉండవచ్చు. బండి కొనేముందే ఈ మూడూ గమనించాలి. మొదటిదాని కోసం, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, అరగంట నాగలి లాగించి, ఆపి మళ్లీ స్టార్ట్ చేయించాలి. ఈ ఆనవాళ్లు కనిపించినా ముందుగా నాజిళ్లను టెస్టరు మీద పెట్టి తుంపర సమంగా పడుతోందా, చుక్కలు కారుతున్నాయా చూశాకే పంపు జోలికి పోవాలి.

ఈ విద్య రహస్యమేమీ కాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో రైతులకు ఇలాంటి శిక్షణ ఇస్తారు. ఇలాంటి శిక్షణ గుంటూరు, ప్రకాశం పల్లెలకు, ముఖ్యంగా కౌలు రైతుల దగ్గరికి, దుక్కులు మొదలవకముందే రావాలి. అది వచ్చేదాకా రైతు చేతిలో ఉన్న ఆయుధం ప్రశ్నే. పంపు విప్పుతామని ఎవరన్నా మూడు అడగాలి: సీసాలో డీజిల్ చూశారా, ఫిల్టర్లు మార్చారా, గాలి తీశారా? ఈ మూడింటికీ ‘అవును’ అన్న జవాబు వచ్చాకే పంపు మీద స్పానరు పడనివ్వాలి.