గుంపు మనస్సు – ఫుట్‌బాల్ ఘర్షణలు

1985 మే 29న బ్రస్సెల్స్ నగరమందలి హైసెల్ స్టేడియంలో యూరపియన్ కప్పు ఫైనలు ప్రారంభము కాకముందే, లివర్‌పూల్ జట్టు అభిమానులు కొందరు ప్రక్క భాగములోని ప్రేక్షకులపైకి ఉరికిరి. వారిలో అధికులు ఇటలీ జట్టగు యువెంటస్ అభిమానులు. పారిపోవు జనము ఒక గోడ దగ్గర ఒత్తుకొనిపోయెను, గోడ కూలినది. 39 మంది మరణించిరి.

మనిషి ఒంటరిగా చేయని పనిని గుంపులో ఏల చేయును? గుంపులో వ్యక్తి వివేకమును కోల్పోవుననియు, ఆవేశము అంటువ్యాధివలె వ్యాపించుననియు 1895లో ఫ్రెంచి రచయిత గుస్తావ్ లెబాన్ చెప్పెను. ఈ అభిప్రాయము చిరకాలము చెల్లినది. కాని స్టేడియంలో వేలమంది కేకలు వేయుదురు. చేయి చేసికొనువారు కొలదిమందియే. ఈ భేదమునకు కారణమేమి?

బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టాట్, ఆయన సహచరులు మరియొక విధముగా వివరించిరి. గుంపులో మనిషి ‘నేను’ అనుటకు మారుగా ‘మేము’ అని తలచును. ‘మేము’ ఎవరమను భావమే అతని నడతను నిర్ణయించును. పోలీసులు అందరిని రౌడీలుగా నెంచి లాఠీలు ఝళిపించినచో, శాంతముగా నున్నవారు సైతము రౌడీల పక్షము చేరుదురు.

2004లో పోర్చుగల్‌లో యూరో పోటీలు జరిగినపుడు నగర పోలీసులు ఈ సూత్రమును పాటించిరి. అభిమానులతో స్నేహముగా మాటలాడుచు, తప్పు చేసినవానినే పట్టుకొనిరి. ఆటలు జరిగిన నగరములలో పెద్ద కొట్లాటలు లేవు. ఈ పద్ధతిని అవలంబింపని పోలీసుదళము క్రిందనున్న ఆల్బుఫైరా పట్టణములో మాత్రము ఘర్షణలు చెలరేగినవి.

కనుక శిక్ష దోషికే పరిమితము కావలెను. గుంపునంతటిని దోషిగా చూచినచో, అది అట్లే మారగలదు.