చెయ్యి తడపనిదే పని జరగదా?



"చెయ్యి తడపనిదే ఫైలు కదలదు" అనే మాట మన పల్లెల్లో సామెతలా స్థిరపడిపోయింది. చట్టాలున్నాయి, అవినీతి నిరోధక శాఖ ఉంది. అయినా లంచం ఎందుకు పోవడం లేదు? అధికారుల దురాశే కారణమని సరిపెట్టుకుంటే సగమే చూసినట్లు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కుటుంబాలను దర్శించే మేము తరచుగా వినేది భూమి బాధలే. తండ్రి గతించాక పొలం బిడ్డల పేరుకు మారాలి. డి.కె.టి. పట్టా భూమికి హద్దులు తేలాలి. దానికి సర్వేయరు, తహసీల్దారు తప్ప మరో దిక్కు లేదు. "రేపు రా" అనే వారికి ఖర్చేమీ లేదు. బస్సెక్కి వచ్చినవానికి మాత్రం ఒక రోజు కూలి పోతుంది. నాలుగుసార్లు తిరిగినవాడు ఐదోసారి తానే జేబులో చెయ్యి పెడతాడు. ఆలస్యమే లంచానికి తల్లి.

పట్టించడమూ సులభం కాదు. ఎ.సి.బి. వారు నోట్లకు పొడి పూసి ఇస్తారు. వాటిని ముట్టినవాని వేళ్లు సోడా ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగుకు మారుతుంది. కాని అది చాలదు. అధికారి డబ్బు అడిగినట్లు కూడా రుజువు కావాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి స్పష్టం చేసింది. ఫిర్యాది మాట మార్చినా ఇతర సాక్ష్యాలతో రుజువు చేయవచ్చనీ చెప్పింది. అతడు మాట ఎందుకు మారుస్తాడు? విచారణకు ఏళ్లు పడుతుంది. అతని పొలం కాగితాలు ఇంకా ఆ ఆఫీసులోనే ఉంటాయి. పైగా ఉద్యోగిపై కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి.

ఆ కాగితాలే పోతే? 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు రేగి భూముల ఫైళ్లు కాలిపోయాయి. తప్పెవరిదో తేల్చడం న్యాయస్థానాల పని. కాని ఫైలు కాలితే పేదవాని సాక్ష్యమే కాలిపోతుందని గ్రహిద్దాం.

కనుక మన జాగ్రత్త మనం పడదాం. అర్జీకి రశీదు అడగండి, నకలు దాచుకోండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. 2018 సవరణ తరువాత లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే; బలవంతాన ఇచ్చినవాడు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంది. ఒంటరిగా వెళ్లినవాణ్ణి తిప్పడం తేలిక. సంఘ పెద్దలు ఇద్దరు తోడు వెళితే అంత తేలిక కాదు.

కైసరయలో ఫేలిక్సు అధిపతి డబ్బు వస్తుందని ఆశించి పౌలును మాటిమాటికీ పిలిపించాడు. రెండేళ్లు గడిచినా విడుదల చేయలేదు. పౌలు ఇవ్వలేదు. అయితే ఆ రెండేళ్లూ అతని స్నేహితులు అతనికి పరిచర్య చేయడానికి అనుమతి ఉండేది. లంచమివ్వక ఆలస్యాన్ని భరించే కుటుంబానికి మన సంఘాలు అలా తోడుంటున్నాయా? ఆలోచిద్దాం.