తెరవగానే పని కనిపించాలి
టెక్స్ట్ ఎడిటర్ స్వాగత తెరను మార్చుకునే విధానం

ప్రోగ్రాములు రాసేవారు రోజుకు పలుమార్లు తెరిచేది టెక్స్ట్ ఎడిటర్‌ను. తెరిచిన ప్రతిసారీ ముందుగా ఎదురయ్యేది తయారీదారులు అమర్చిన స్వాగత తెర. చిహ్నం, వెర్షన్ సంఖ్య, పాఠాలకు లింకులు అందులో ఉంటాయి. మొదటి రోజు అవి ఉపకరిస్తాయి. నూరో రోజుకు అడ్డంకి అనిపిస్తాయి. ఆ తెరను ఎవరి పనికి తగినట్లు వారు మార్చుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. కాకపోతే, ఏమి తొలగిస్తున్నామో తెలుసుకుని తొలగించడం మంచిది.

మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన విజువల్ స్టూడియో కోడ్ విద్యార్థుల్లో బాగా వాడుకలో ఉంది. ఇందులో కంట్రోల్, కామా మీటలు కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అక్కడ 'స్టార్టప్ ఎడిటర్' అని వెదకాలి. 'నన్' ఎంచుకుంటే ఏ పేజీ తెరుచుకోదు. 'న్యూ అన్‌టైటిల్డ్ ఫైల్' ఎంచుకుంటే కొత్త ఫైలు సిద్ధంగా ఉంటుంది. 'రీడ్‌మీ' ఎంచుకుంటే ఆ ఫోల్డర్‌లోని పరిచయ పత్రం ప్రత్యక్షమవుతుంది. గత విడతలో తెరిచి ఉంచిన ఫైళ్లు తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఈ ఎంపిక వర్తించదు.

ఉమ్మడి కంప్యూటర్లపై జాగ్రత్త

ఒకే లాగిన్‌తో పలువురు పనిచేసే కళాశాల ల్యాబుల్లో స్వాగత తెర మరో చిక్కు తెస్తుంది. ఇటీవల తెరిచిన ఫోల్డర్ల పేర్లు అక్కడ వరుసగా కనిపిస్తాయి. ఒకరి ప్రాజెక్టు ఎక్కడుందో తర్వాత కూర్చున్నవారికి ఇట్టే తెలిసిపోతుంది. స్వాగత తెరను ఆపినంత మాత్రాన ఆ జాబితా చెరగదు. 'ఫైల్' మెనూలోని 'ఓపెన్ రీసెంట్'లో 'క్లియర్ రీసెంట్లీ ఓపెన్డ్' నొక్కాలి. అప్పుడూ పోయేది పేర్ల జాబితాయే. ఫైళ్లు డిస్కులోనే ఉంటాయి. వాటిని విడిగా తొలగించుకోవాలి.

రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమ్యాక్స్‌లో స్వాగత తెరను ఆపితే 'స్క్రాచ్' అనే చిత్తు పేజీ వస్తుంది. కొత్తవారు నష్టపోయేది ఇక్కడే. అందులో ఎంత రాసినా, ఈమ్యాక్స్‌ను మూసేటప్పుడు భద్రపరచాలా అని అడగదు. రాసినదంతా పోతుంది. అందువల్ల 'ఇనిషియల్ బఫర్ ఛాయిస్' అనే అమరికలో రోజూ వాడే నోట్సు ఫైలు పేరు ఇవ్వడం క్షేమం. తెరవగానే ఆ ఫైలే వస్తుంది.

ఈమ్యాక్స్‌లో ఇంకో విచిత్రం ఉంది. తెర అడుగున ఒక వరుసలో వచ్చే ప్రారంభ సందేశాన్ని ఆపాలంటే ప్రారంభ ఫైలులో స్వయంగా తమ లాగిన్ పేరు రాయాలి. ఒకరి అమరికలను మరొకరు చూడకుండా నకలు చేసుకుంటే, ఆ రెండోవారికి తెలియకుండానే సందేశం మాయం కాకూడదన్నది దీని ఉద్దేశం. ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి ప్రతి కొత్త వాడుకరికీ ఒక్కసారైనా తెలియాలన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది.

ఉగాండా బాలల కోసం

విమ్ ఎడిటర్ స్వాగత తెరది వేరే కథ. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ దీనిని 1991లో విడుదల చేశారు. ఆయన 1994లో ఉగాండాలోని కిబాలేలో పనిచేశారు. ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌కు ధర పెట్టని ఆయన, ఉగాండాలోని పేద పిల్లలకు సాయపడాలని కోరుతూ ఒక వాక్యాన్ని తొలి తెరపై ఉంచారు. 2023 ఆగస్టులో ఆయన మరణించారు. ఖరీదైన ప్రకటన ఏదీ లేకుండా కేవలం ఖాళీ తెరపై రాసిన ఆ వాక్యం దశాబ్దాల పాటు ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్ల కళ్లబడింది.

దీనిని ఆపడమూ సులువే. విమ్ అమరికల ఫైలులో 'షార్ట్‌మెస్' అనే ఎంపికకు పెద్ద ఐ అక్షరం జోడిస్తే చాలు. ఫైలు పేరు ఇచ్చి విమ్‌ను తెరిచేవారికి అసలు ఈ తెరే రాదు కాబట్టి, వారు ఏదీ మార్చనక్కర్లేదు. ఆపేసిన తర్వాత మళ్లీ చూడాలనిపిస్తే కోలన్ కొట్టి 'ఇంట్రో' అని టైపు చేస్తే ఆ తెర తిరిగి వస్తుంది.